లింగయ్య పెట్టని కత్తి

లింగయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. సూర్యాపేటలో ఇప్పుడు నా గడ్డం నీ అల్లుడే గీస్తున్నాడు. చెయ్యి మంచిదే, కబుర్లే చేతకావు. సరే, అది కాదు చెప్పవలసింది. పట్నం దవాఖాన వరండాలో కూర్చోలేక, నిలబడలేక ఇది రాస్తున్నాను.

మా నర్సింహ చెవి వెనక వాపును క్షవరం చేస్తూ మొదట చూసింది నువ్వే. కోసెయ్యమన్నాను. వేలితో నొక్కి చూసి కత్తి పొదిలో పెట్టేశావు.

“గిది గడ్డ కాదు పటేలా. బొక్క దాక ఉన్నది. నేను ముట్ట.”

“ఊరందరి గడ్డలు కోస్తవ్, నా కొడుకు కాడికొచ్చేసరికి సేతులు వణుకుతున్నయా?” అని పదిమందిలో ఎగతాళి చేశాను. నువ్వు పొది సర్దుకుని వెళ్ళిపోయావు.

తరవాత కోదాడలో పట్టీ వేశారు, మిర్యాలగూడలో లేపనం ఇచ్చారు. వాడికి ఆ చెవి వినిపించడం మానేసింది. సమ్మె ముగిసి బస్సులు మళ్ళీ తిరగగానే ఇక్కడికి తెచ్చాను.

పొద్దున డాక్టరు ఎముక తొలిచి దాన్ని తీశాడు. ముత్యంలా తెల్లటి తిత్తి. అరుదైనదే కాని ప్రాణం తీసేది కాదట. ముఖాన్ని కదిలించే నరం మాత్రం దాని పక్కనే ఉందట. తెలియక ఎవరైనా కత్తి దించి ఉంటే మూతి వంకర పోయేదన్నాడు. తప్పు నాది, లింగయ్యా. మరి ఈయన కత్తి ఆ నరానికి తగలలేదని ఏం నమ్మకం? మత్తు దిగితేగాని తెలియదట.

పిలుస్తున్నారు.

వెళ్ళొచ్చాను. తలనిండా కట్టుతో ఉన్నవాణ్ణి డాక్టరు కళ్ళు మూయమన్నాడు, పళ్ళు చూపించమన్నాడు. వాడు నన్నే చూస్తున్నాడు.

“నువ్వెందుకే నాయినా పండ్లు సూపిస్తున్నవ్?” అన్నాడు, రెండు పక్కలా సమంగా నవ్వుతూ.