నాలుక మీది అక్షరాలు

అత్తయ్యగారికి,

ఈరోజు మీ సంవత్సరీకం. పెరట్లో వంటవాళ్ళు గారెలు వేస్తున్నారు. నేను వీధి అరుగు మీద కూర్చుని మీకు రాస్తున్నాను. పోయిన వారం రాజమండ్రిలో నా కొడుక్కి, మీ మనవడికి, మెడకి ఆపరేషన్ అయింది. క్యాన్సర్. వాడికి తొమ్మిదేళ్ళు.

వాడి బారసాల నాడు మీరు దర్భ తేనెలో ముంచి నాలుక మీద బీజాక్షరాలు రాశారు. మూడో ఏట నాలుక మీద బుడిపెలు లేస్తే డాక్టరుకి చూపిద్దామన్నాను.

"డాక్టరెందుకే? నేను రాసిన అక్షరాలే పైకి తేలాయి. వాళ్ళ నాన్నకీ ఇంతే," అని వీధిలో వాళ్ళందరినీ పిలిచి మరీ చూపించారు. ఆ నాన్న, మీ కొడుకే, ముప్పై రెండేళ్ళకే మెడలో గడ్డతో పోయిన సంగతి మీకు గుర్తే రాలేదు. పిల్లాడు ఎంత ఏడ్చినా కన్నీటి చుక్క రాకపోతే, "మహా జాతకుడమ్మా, కంటతడి పెట్టని పుటక," అన్నారు. నేను నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేనూ క్షమించుకోను.

డాక్టరుగారు వాడి నాలుక చూడగానే, "పసితనంలో ఏడిస్తే కన్నీళ్ళు వచ్చేవా అండి?" అని అడిగారు. బుడిపెలూ, కన్నీళ్ళు రాకపోవడమూ, మెడలో గడ్డా, ఇవన్నీ తండ్రి నుంచి వచ్చిన ఒకే జబ్బుకి గుర్తులట. మూడో ఏటే చూపించి ఉంటే గడ్డ ఇంత పాకేది కాదట.

లోపల మరిది పిండాలు పెడుతున్నాడు. ఆడపడుచులు కళ్ళొత్తుకుంటున్నారు. కన్నీళ్ళు రాకపోవడం వాడికి జబ్బు. మీ కోసం నాకు రాకపోవడం జబ్బు కాదు.