పెద్ద బల్ల, చిన్న బల్ల

మార్చి 16, 2014, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక మనవరాలు అబిగేలు సముద్రంలో దిగుతానంది. స్నానానికి కాదు. అల మీద బల్ల వేసుకుని దాని మీద నిలబడుతుందట. సర్ఫింగ్ అంటారట. వద్దన్నాను. ఎందుకు అంది. నేను వద్దన్నాను కాబట్టి అన్నాను.

నా కొడుకు యేసు కుమార్‌నీ కోడలినీ సునామీ తీసుకుపోయింది. అప్పుడు ఈ పిల్లకి నాలుగేళ్ళు. మా ఆవిడ మేరమ్మ చంకనేసుకుని కొండెక్కింది కాబట్టి ఇది మిగిలింది. మా ముసలాళ్ళకి ఇది తప్ప ఎవరూ లేరు. అది తెలిసి కూడా ఎందుకు అంటుంది.

మార్చి 18

పిల్ల అన్నం తినలేదు. నేనూ తినలేదు. మేరమ్మ ఇద్దరినీ తిట్టి తను తినేసింది.

మార్చి 20, పొద్దున్న

మల్లేశు వచ్చాడు. అండమాన్‌లో, ఈ హట్‌బేలోనే పుట్టాడు. డింగీ పడవలో టూరిస్టులని తిప్పుతాడు. వాళ్ళలో ఎవరో పోతూ పోతూ వాడికి రెండు బల్లలు వదిలేసి పోయారు. వాటితో పిల్లలకి నేర్పుతున్నాడు. మావా, నీ గుంట బాగా ఈదుతాది, నువ్వొద్దంటే దొంగతనంగా దిగుతాది, అప్పుడేటి సేస్తావు అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. ఎదురుగా దిగితే కనీసం అరవగలను.

సరే, కానీ బల్ల మాత్రం నేను చెప్పిందే అన్నాను.

సాయంత్రం

రెండూ చూశాను. ఒకటి నీలంది, నిలబెడితే ఇంటి తలుపు కంటే ఎత్తు. ఇంకొకటి తెల్లది, పిల్ల గడ్డం దాకా వస్తుంది, ముక్కు కోసుగా ఉంది. మల్లేశు పెద్దదే ఇవ్వాలన్నాడు. నవ్వాను. వీడు తెప్ప ఎక్కి ఎరగడు. నేను భీమిలి ఒడ్డున మీసం రాకముందే తెప్ప మీద అలలు దాటాను. ఒడ్డు అలలో తెప్ప తిరగబడితే మనిషిని చంపేది నీళ్ళు కాదు, తెప్ప దుంగ. ఎంత పెద్ద దుంగైతే అంత దెబ్బ. మా అన్న రాముడి పక్కటెముకలు అలాగే విరిగాయి. పిల్ల చిన్నది, బల్లా చిన్నదే ఉండాలి.

మల్లేశు ఏదో అనబోయాడు. నువ్వు పుట్టకముందు నుంచీ సముద్రంలో ఉన్నానన్నాను. తెల్ల బల్ల తీసి ఇచ్చాడు.

పిల్లకి ఇంకొకటి చెప్పాను. అల వెనక నుంచి ఎత్తగానే వెనక్కి జరుగు. ముందు బరువుంటే ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది. తెప్ప మీద మేము అలాగే చేసేవాళ్ళం. తలూపింది.

మార్చి 23

పిల్ల బల్ల మీద ఒక్కసారి కూడా లేవలేదు. అల వస్తుంది, కింద నుంచి పోతుంది, పిల్ల అక్కడే ఉంటుంది. బల్ల సగం నీళ్ళలోనే. అబిగేలు దీదీ సబ్‌మెరీన్ నడుపుతోంది అని ఒడ్డున పిల్లలు ఎగతాళి చేశారు. కర్ర ఎత్తి తరిమాను. లోపల మాత్రం నాకు హాయిగానే ఉంది. లేవకపోతే మానేస్తుంది.

మార్చి 30

మానలేదు.

ఏప్రిల్ 5

లుంగీ ఇంకా తడిగానే ఉంది, అలాగే కూర్చుని రాస్తున్నాను.

పిల్ల చేతులతో తోసి తోసి అలిసిపోయింది. చిన్న బల్ల దాన్ని మోయలేకపోయింది. నీటి వాలు దాన్ని రాళ్ళ వైపు లాగింది. అరిచాను. అలల హోరులో దానికి వినపడలేదు. నడుము దాకా దిగాను. కాళ్ళు నిలవలేదు. నన్నే ఎవరో రెక్క పట్టుకుని బయటికి లాగారు. మల్లేశు నీలం బల్ల మీద బోర్లా పడుకుని పోయాడు. పిల్లని ముందు వేసుకుని ఒకే అల మీద ఒడ్డుకి వచ్చాడు. నీళ్ళు కక్కింది. మోకాలు చెక్కుకుపోయింది.

మల్లేశు రెండు బల్లలూ మోసుకుని ఇంటికి పోయాడు. తిట్టినా బాగుండేది. మేరమ్మ మాత్రం ఊరుకోలేదు. సముద్రం ఏనాడైనా నీ మాట విందా, బల్ల ఎందుకు వింటాది అంది.

ఏప్రిల్ 6

పిల్ల మళ్ళీ దిగుతానంటోంది.

ఒక్కణ్ణే మల్లేశు ఇంటికి పోయాను. నీలం బల్ల చూపించమన్నాను. దుంగ ఎత్తినట్టు బలం పట్టి ఎత్తాను. అది గాలిలా లేచింది. వెనక్కి పడబోయాను. మల్లేశు ముఖం అటు తిప్పుకున్నాడు. వేలితో నొక్కితే పైన మెత్తగా ఉంది, షిప్పులో పరుపులాగా. నా ముంజేతికి కొట్టుకుని చూశాను. పెద్ద నొప్పి లేదు.

ఇది దుంగ కాదు మావా అన్నాడు. వెడల్పుగా ఉంటే మనిషిని పైకి పట్టుకుంటాదట. చిన్న అలకి కూడా కదులుతాదట. చిన్న బల్ల నేర్చినోళ్ళకట, పెద్ద అలలకట. వెనక్కి జరిగితే బ్రేక్ వేసినట్టేనట, మధ్యలో పడుకోవాలట.

ముందే ఎందుకు చెప్పలేదురా అన్నాను. సెప్పనిచ్చావేటి అన్నాడు.

ఏప్రిల్ 7

నేను చెప్పింది తెప్పకి, బల్లకి మల్లేశు చెప్పినట్టు విను అని పిల్లతో అన్నాను. అంత మాట అనడానికి సాయంత్రం దాకా పట్టింది. తాతా, సారీ బోల్ రహే హో క్యా అని హిందీలో అడిగింది, సారీ చెబుతున్నావా అని. కాదన్నాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

లేచింది. పెద్ద బల్ల మీద రెండు కాళ్ళ మీద నిలబడి ఒడ్డు దాకా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేరమ్మ ఏడ్చింది. నేను వెనకొచ్చే అలలు చూస్తున్నాను. చిన్న అల మీద నిలబడటం వచ్చేసింది కదా, ఇక పెద్దది అడుగుతుంది.

మే 3

గాలి మారింది. అలలు పెరుగుతున్నాయి. మల్లేశు ఇంజను బాగుచేయించడానికి పోర్ట్ బ్లెయిర్ పోయాడు. నీలం బల్ల మా ఇంట్లో ఉంది. దాచేస్తానన్నాను. ఎన్నాళ్ళు దాస్తావు, నువ్వు పోయాక ఎవరు దాస్తారు అంది మేరమ్మ.

దాచలేదు. ఆ ప్రశ్నే నన్ను తింటోంది.

మే 6

లేచేసరికి పిల్ల లేదు. బల్ల లేదు.

పరుగెత్తాను. ఈ వయసులో అది పరుగేనా. అలలు మనిషి ఎత్తు దాటాయి. ఒడ్డంతా ఒక్కసారే విరిగిపడుతున్నాయి. పిల్ల ఇసుకలో కూర్చుని ఉంది, బల్ల పక్కన ఉంది. ఇంకా దిగలేదు. అరుద్దామని నోరు తెరిచాను. అరవలేదు. నేను అరిస్తే ఆగుతుంది. నేను లేని రోజు?

కొబ్బరిచెట్టు పట్టుకుని నిలబడ్డాను. ప్రభువా అనడం కూడా మరిచిపోయాను. చాలాసేపు చూసింది సముద్రాన్ని. లేచి బల్ల ఎత్తుకుంది. నీళ్ళ దాకా పోయింది. నురుగు కాళ్ళకి తగిలింది. ఇంకో అల విరిగింది. అప్పుడు వెనక్కి తిరిగింది. బల్ల నెత్తిన పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

ఎందుకు దిగలేదు అన్నాను. ఈ బల్ల ఈ అలలని దాటదు తాతా, దాటే చిన్న బల్ల నాకింకా రాదు, పాగల్ హూఁ క్యా, నేనేమైనా పిచ్చిదాన్నా అంది. నన్ను కింద నుంచి పైదాకా చూసి, లుంగీ ఉల్టా కట్టావు అని పకపకా నవ్వింది.

మే 14

అలలు తగ్గాయి. పిల్ల సముద్రంలో ఉంది.

నేను ఇంట్లో ఉన్నాను.