బోర్డు మీద నీ పేరు

నాయినా, బీరును అక్కడే తయారుచేసి అమ్మే చిన్న బార్ ఒకటి శుక్రవారం సూర్యాపేటలో తెరుస్తున్నాం. నేను చేసిన బీరుకు ఆలోపు పేరు చెప్పమన్నారు యజమాని. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

మిర్యాలగూడ మిల్లు నూకలు కలిపి చేశాను. నురగ నీ పొద్దుటి కల్లులాగే తెల్లగా, సన్నగా ఉంటుంది. నీతో తాటిచెట్లెక్కిన సోమయ్య పెద్దనాయినను నిన్న రుచి చూడమని పిలిచాను. ఆయన తాగకముందే గ్లాసు వంచి మెరిసే టైల్స్ మీద రెండు చుక్కలు పోశాడు. వెయిటరు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఒలికిందా తాతా?"

"ఒలకలే. ఒక చుక్క ఎల్లమ్మ తల్లికి, ఒక చుక్క పోయిన మా మల్లయ్యకు. సాక పోసినంకనే తాగాలె."

తాగి నావైపు చూశాడు. "జర పులుపు తక్కువైంది గని, మీ నాయిన చేతి రుచే బిడ్డా. గాయన పేరే పెట్టు."

యజమాని సరేనన్నారు. మిగిలింది నీ మాటే. "ఈ కల్లు పని నాతోనే ఖతం కావాలె, నువ్వు సదువుకో" అని నువ్వు మన ఇంట్లో మొదటిసారి బడికి పంపింది నన్నే. చదువుకున్నాను నాయినా, కాలేజీలో పులియడం గురించే చదువుకున్నాను. ఈ పని నాకు బాగా వచ్చు.

బోర్డు మీద 'మల్లయ్య' అని రాయిస్తున్నాను. వద్దనుకుంటే గురువారం సాయంత్రంలోపు కలలోకొచ్చి చెప్పు.