మగ్గం మీద గాలిమర నీడ

సౌభాగ్యవతి పున్నమ్మకి, కోటిలింగం రాసేది. ఇక్కడ నేను బానే ఉన్నాను. నాగపూర్‌లో నువ్వు, అమ్మాయి ప్రత్యూష, పసిపిల్ల కులాసా అనుకుంటాను. పిల్ల ఫొటోతో పాటు నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఫోన్లో అయితే నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు గనక నేనూ ఉత్తరమే రాస్తున్నా.

మనింటి పక్కన లేపిన కరెంటు గాలిమర తిరుగుతోందా అని అడిగావు. తిరక్కేం! నువ్వెళ్ళిన వారానికే మొదలుపెట్టారు. పొద్దున ఏడింటికి సూర్యుడు దాని వెనక్కి వస్తాడు. ఇక రెక్క నీడ కిటికీలోంచి మగ్గం మీద పడుతుంది, పోతుంది, పడుతుంది, పోతుంది. తొమ్మిదింటి దాకా ఇదే గోల. పడుగులో పోగు తెగినా కనపడి చావదు. మొన్న చీర అంచులో జానెడు మేర పోగులు తప్పాయని షాపు వాళ్ళు తిప్పి పంపారు. కిటికీకి గోనెపట్టా కట్టాను. చీకట్లో నేతేమిటి, నా తలకాయ! చప్పుడంటావా, నెత్తిన ఎవరో ఆగకుండా దుప్పట్లు దులుపుతున్నట్టుంది.

బందరులో బస్సెక్కి బెజవాడ గవర్నర్‌పేటలోని గాలిమర కంపెనీ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి సార్ సెలవు. రెండోసారి మరో ఆఫీసుకి పొమ్మన్నారు, వాళ్ళు మళ్ళీ ఇక్కడికే తోలారు. మూడోసారి ఒకాయన కంప్యూటర్ చూసి, “సౌండ్ లిమిట్ లోపలే ఉందండీ” అన్నాడు.

“ఆ ముక్క మా ఇంట్లో కూర్చుని చెప్పండి” అన్నాను.

“అభ్యంతరం లేదని సంతకం ఉంది కదండీ” అని కాగితం చూపించాడు.

జక్కయ్య బావగారు ఆ సంతకం పెట్టకపోతే మనకీ గతి పట్టేదా అని రాశావు. పున్నమ్మా, అది నా సంతకం. నువ్వు బజారుకెళ్ళినప్పుడు కంపెనీ వాళ్ళొచ్చి, ఊరికి పెద్దమనిషి మీరేనన్నారు. పొంగిపోయి, చదవకుండా పెట్టేశాను. నువ్వు తిడతావని జక్కయ్యన్న పేరు చెప్పాను. నువ్వెళ్ళి ఆ వదినతో పంపు దగ్గర పోట్లాడావు. ఆయన కాదు మొర్రో అన్నా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నేను నోరు మూసుకుని చూశాను.

శుక్రవారం పంచాయతీ ఆఫీసులో రెండో గాలిమర కోసం మీటింగ్ పెట్టారు. అది సరిగ్గా జక్కయ్యన్న ఇంటి వెనక. “మొదటిదానికి సంతకం చేసింది నువ్వేగా, ఇప్పుడేడుస్తావేం?” అని ఎవరో ఆయన మీదికి లేచారు. ఆయన తల దించుకున్నాడు. ఇక నావల్ల కాలేదు.

“ఆ సంతకం నాది. అబద్ధం కూడా నాదే” అన్నాను లేచి. “రేపు పొద్దున ఏడింటికి వచ్చి మా మగ్గం చూడండి. ఆ తర్వాత ఎవరైనా సంతకం పెడితే పెట్టండి.”

మీటింగ్‌కొచ్చిన తహసీల్దారుతో సహా ఇరవై మంది వచ్చి మగ్గం చుట్టూ నిలబడ్డారు. ఐదు నిమిషాలకే ఆయన కళ్ళు నలుపుకుంటూ బయటికెళ్ళిపోయారు. రెండోదాన్ని కాలవ అవతలికి జరుపుతామని కంపెనీ చేత రాయించారు. మనదాన్ని మాత్రం కదపరట.

సాయంత్రం జక్కయ్యన్న ఇంటికెళ్ళి తప్పయిందన్నాను. వదిన మొహం తిప్పుకుంది.  మర్నాడు జక్కయ్యన్న తనే వచ్చి మన మగ్గం విప్పడం మొదలుపెట్టాడు. “మా పాకలో ఒక మగ్గం గుంట ఖాళీగా ఉంది. అక్కడ నీడ పడదు” అన్నాడు. అంతే. మూడు రోజులుగా ఇద్దరం పక్కపక్కనే నేస్తున్నాం. నాతో ఇంకా మాట కలపలేదు. నా పోగు తెగితే మాత్రం చెయ్యి చాపి ముడేస్తున్నాడు.

నువ్వు రాగానే ముందు ఆ ఇంటికి వెళ్ళు. నన్ను తిట్టాల్సింది ఆ తర్వాత తీరిగ్గా తిట్టు.

ఇట్లు,
నీ పెనిమిటి
కోటిలింగం