తడిసింది మా మేనేజరే

నాన్నా,

మేనేజరుతో గొడవపడ్డానని రాస్తే నా ఉద్యోగం ఊడుతుందని బెంగపెట్టుకున్నావట. ఊడలేదు సరికదా, నా మాటే నెగ్గింది!

మా కంపెనీ చేసే చిన్న కెమెరాల మూతలకీ బటన్లకీ కూడా రబ్బరు వాషర్లు వేసి వాన నీళ్ళు దూరకుండా చేద్దామని ఏడాదిగా పోరుతున్నాను కదా. నిన్న మీటింగులో ఆయన, "సరదాకి ఫొటోలు తీసుకునేవాళ్ళకి అవెందుకమ్మా?" అన్నాడు. "వృత్తిగా తీసేవాళ్ళకి గొడుగు పట్టే మనిషి ఉంటాడండీ. సరదాకి తీసేవాళ్ళే తడుస్తారు," అన్నాను. ఆయనకి రోషం వచ్చింది. నేను వాషర్లు బిగించిన కెమెరాని చేతులు కడిగే కుళాయి కింద పెట్టి, కుళాయిని పూర్తిగా తిప్పేశాడు. నీళ్ళన్నీ ఆయన చొక్కా మీదికే చిమ్మాయి. ఆ కెమెరా లాక్కుని అక్కడికక్కడే ఫొటో తీశాను. ఈ కార్డుకి అటువైపు అచ్చువేయించింది ఆ ఫొటోనే; నోరు తెరుచుకుని నిలబడ్డది ఆయనే. ఇవాళ పొద్దున్నే ఒప్పుకుని సంతకం పెట్టాడు!

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా నీలం స్వెట్టరు పోస్టులో పంపించు. చెల్లికి ముద్దులు.

మొదటి కెమెరా నీకే తెస్తాను. చిన్నప్పుడు చినుకు పడితే ముందు కెమెరాని చొక్కాలో దాచి, తర్వాత నన్ను చూరు కిందికి లాగేవాడివి. ఇకమీదట ముందు నన్ను లాగు.

నీ పెద్దమ్మాయి