సరిత చేతికి తాళంచెవి

ఏమే సత్తెమ్మా, మన సరిత చేతికి ల్యాబ్ తాళంచెవి ఇచ్చారే!

మగపిల్లలకే తాళంచెవి, ఆడపిల్లలు ఆరింటికల్లా బయటికి పోవాలి అనేది వాళ్ల సారు పద్ధతి. అది అన్యాయమని మన పిల్ల యూనివర్సిటీ కమిటీకి రాసిచ్చింది. ఎక్కడ చదువు ఆపిస్తారోనని నాకు మూడు నెలలు ముద్ద దిగలేదనుకో. "ఉద్యమం నడుస్తున్నది, గివన్నీ తెలంగాణ వచ్చినంక జూద్దాం అక్కా" అన్నారట తోటి పిల్లలు. "ఉద్యమంల నేను లేనా తమ్మీ? నా చాబీ ఒక్కటే ఆగాల్నా?" అన్నదట. అచ్చం నీ నోరే!

విచారణ నాడు బంద్. బస్సుల్లేక తార్నాక నుంచి ఇద్దరం నడిచే పోయాం. నేను బయట బెంచీ మీద కూర్చుంటే గుమాస్తా వచ్చి, "పెద్దాయనా, బిడ్డకు జర నచ్చజెప్పు" అన్నాడు. "నచ్చజెప్పెటోన్నైతే గీ ఎండల నడిచొస్తనా సారూ?" అన్నాను.

ఇప్పుడు ఎవరికీ చెప్పుకోలేని బాధ పడ్డ ఆడపిల్లలు కూడా సరితను వెతుక్కుంటూ మనింటికి వస్తున్నారు. వాళ్లను నేనేమీ అడగను. చాయ్ పెట్టిచ్చి, అవతల గదిలో కూర్చుంటాను.

ఇవాళ నీ సంవత్సరీకం. నీ నడుముకు వేలాడిన తాళాల గుత్తికే ఆ తాళంచెవి తగిలించుకుని పోయింది పిల్ల. సాయంత్రం ఏడైంది, ఇంకా ఇంటికి రాలేదు. ఎంత సంతోషంగా ఉందో!

నల్లకుంటలో మీ చెల్లెకు చెప్పాలి. బౌద్ధనగర్ మేనత్తకు, కాచిగూడ మా అన్నకు చెప్పాలి. "ఆడపిల్లకు కంప్లైంటులెందుకు బావా" అన్న మీ తమ్ముడికి మాత్రం ఫోన్ చేయను. ఇంటికే పోయి, చాయ్ పెట్టించుకుని తాగి మరీ చెబుతాను.