అన్నయ్య తింటాడు, నేను మానేస్తాను

మార్చి 2. సాయంత్రం 5:30.
డాక్టరమ్మ మా ఇద్దరి జన్యు పరీక్షల కాగితాలు పక్కపక్కన పెట్టారు. కవలలం కదా, అచ్చుగుద్దినట్టు ఒకటే! స్కాన్‌లో ఇద్దరి లివర్‌కూ కొవ్వే. కంప్యూటర్ పదేళ్ళు ముందుకెళ్ళి, అది ఎలా ముదురుతుందో గీత గీసింది. ఇద్దరికీ ఒకటే గీత. పైపైకి.
"జన్యువుల్ని మార్చలేం. తిండి మారిస్తే గీత వంగుతుంది. మూడు నెలలకి మళ్ళీ చూద్దాం," అన్నారు.
నాన్న లివర్ పాడై యాభై రెండో ఏట పోయాడు. చుక్క మందు ముట్టకుండానే. మాకిప్పుడు నలభై ఆరు. భయమేసింది, దాచుకోవడం దేనికి.

మార్చి 3. ఉదయం 6:10.
బ్రహ్మాండమైన ఆలోచన! ఒకే జన్యువులు, రెండు కడుపులు. నేను అన్నీ మానేస్తాను. అన్నయ్య (నాలుగు నిమిషాలు పెద్ద) మామూలుగా తింటాడు. తేడా తేలిపోతుంది!
"తినే పని నాకిస్తే కాదంటానా?" అన్నాడు.
నిషేధం: కేకు, చిప్స్, ఐస్‌క్రీం, తీపి కాఫీ.

మార్చి 4. మధ్యాహ్నం 1:00.
కీరా ముక్కలు. అద్భుతం!
1:20. మా టైలరింగ్ షాపులో ఎదుటి మిషను దగ్గర అన్నయ్య సైన్స్ కోసం కేకు తింటున్నాడు. చూడలేదు. వాసన చూశాను, అంతే.

మార్చి 19.
ఒక్క ముక్క కేకు. కస్టమర్ కూతురి పుట్టినరోజు. వద్దంటే పసిదానికి అశుభం. రేపు ఒక పూట మానేస్తే చెల్లుకు చెల్లు.

ఏప్రిల్ 8.
ప్యాంటు బిగిసింది. కుట్టు విప్పి అంగుళం వదులు చేశాను. హాయిగా పట్టింది. అంటే లావెక్కలేదన్నమాట!

ఏప్రిల్ 27.
అన్నయ్య కేకు డబ్బా సాయంత్రానికి నిండుగానే ఉంటోంది. తినాల్సినవాడు తినకపోతే ప్రయోగం పాడవదూ? మిగిలింది నేనే ముగించాను. ఇంకో అంగుళం.

మే 14.
పొరపాటున అన్నయ్య ప్యాంటు వేసుకోబోయాను. ఇద్దరికీ ఒకే కొలత. మోకాళ్ళు దాటలేదు. నాసిరకం గుడ్డ!
"గుడ్డని ఆడిపోసుకుంటారేం? ఇద్దరూ అద్దం ముందు నిలబడండి, తెలుస్తుంది," అంది మా ఆవిడ. తీరిక లేదన్నాను.

మే 30.
ఐస్‌క్రీం 3. మన చేతుల్లో ఏముంది? వెనకటికి తలరాత అన్నదాన్నే ఇప్పుడు జన్యువులంటున్నారు.

జూన్ 3. ఉదయం 11:00.
స్కాన్. ఒక గీత వంగింది, ఒకటి లేచింది. వంగింది అన్నయ్యది!
బయట మెట్ల మీద నిలదీశాను. "నిన్ను తినమన్నాను కదా! మోసం!"
"నా కేకు వాసన చూసిన రోజే నువ్వు ఆగలేవని తెలిసిపోయిందిరా. ఇద్దరం నాన్న దారే పడితే నీ పిల్లల్నెవరు చూస్తారు? అందుకని నేను మానేశా."
మూడు నెలలు నోరు కట్టుకున్నాడు, నా పిల్లల కోసం. ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.
"నేనింకా బతికే ఉన్నాను కదా అన్నయ్యా!"
"ఉండమనే కదరా చెప్పేది."

జూన్ 4. ఉదయం 7:00.
మళ్ళీ మొదలు. ఈసారి ప్రయోగం లేదు, ఇద్దరమూ మానేస్తున్నాం. సోమవారం దాకా ఆగేది లేదు.
7:15. ఆకలేస్తోంది. అన్నయ్యకి చెప్పాను.
"నాకూనురా," అన్నాడు.